మూడు గడుల పుస్తకం

ప్రతి వరుసకూ మూడు గడులు. మొదటి గడిలో ఈ గడువుకు రావలసింది, రెండో గడిలో వచ్చింది, మూడో గడిలో మిగిలింది. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. పొడి అక్షరాల్లో డీసీబీ. శిస్తు వసూలు చేసే రెవెన్యూ కచేరీలోనూ, పంట రుణాలిచ్చే సొసైటీలోనూ, ఇంటి మీద అప్పిచ్చే బ్యాంకులోనూ ఈ మూడు గడులే తిరుగుతుంటాయి. ఒకచోట అట్టకు నీలిగుడ్డ చుట్టిన రిజిస్టరు, మరోచోట కంప్యూటరు తెర. ఖమ్మం మార్కెట్ యార్డు దగ్గర ఏ రుణ ఖాతా గుమాస్తాను పలకరించినా 'డీసీబీ తేలిందా' అన్న మాట మార్చి నెలలో రోజుకు నాలుగుసార్లు వినపడుతుంది.

ఈ పుస్తకం పనితనం మీద నాకు చాలాకాలంగా మక్కువ. కరువు రోజుల్లో, గిరాకీ చచ్చిన రోజుల్లో దీన్ని సరిగ్గా నిలబెట్టడం ఎంత కష్టమో చూసిన కొద్దీ ఆ మక్కువ పెరిగింది.

మొదటి గడిలోనే అసలు నేర్పంతా ఉంది. ఆ అంకె ఏడాది మొదట్లోనే, ఒక్క రూపాయీ రాకముందే పడాలి. అందులోనూ పాత బకాయి వేరు, ఈ ఏటి వాయిదా వేరు. ఒక్కోదాంట్లో అసలు వేరు, వడ్డీ వేరు. ఒక మనిషి పదివేలు కట్టి వెళితే అది పాత వడ్డీకి ఎంత పోయింది, పాత అసలుకు ఎంత, కొత్త వాయిదాకు ఏమైనా మిగిలిందా అన్నది రెండో గడి చెప్పాలి. మూడో గడిలోని మిగులును మళ్లీ వయసు ప్రకారం విడదీయాలి. ఏడాది లోపుది, రెండేళ్లది, మూడేళ్లు దాటింది. వయసు రాయని బకాయి వైద్యుడికి చూపించని జ్వరం లాంటిది. ఉందని తెలుస్తుంది, ఎప్పటినుంచో తెలియదు.

మొదటి గడిని తర్వాత ముట్టుకోకూడదు, ఇదే ఈ పనిలో మర్యాద. పంట పోయింది, ధర పడింది, ఇంట్లో చావు జరిగింది. ఇవన్నీ రాయడానికి చోటు ఉండాలి, కానీ ఆ చోటు మొదటి గడి కాదు. రావలసినదాన్ని తగ్గించి రాస్తే మూడో గడి తనంతట తాను శుభ్రపడిపోతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ అందం కోసం సొసైటీల్లో ఒక పాత అలవాటు ఉంది. మార్చి 31 లోపల పాత అప్పు కట్టినట్టు ఒక రశీదు, అదే రోజు కొత్త అప్పు తీసుకున్నట్టు ఒక ఓచరు రాస్తారు. దాన్ని పుస్తక సర్దుబాటు అంటారు. ఒక్క నోటూ చేతులు మారదు, బకాయి మాత్రం మాయమైపోతుంది. దూరాన కూర్చుని ఆ పుస్తకాన్ని నమ్మి డబ్బు పెట్టినవాడికి ఏం తెలుస్తుంది?

ఆ దూరాన కూర్చున్న మనిషి కోసమే ఈ పుస్తకం తెలుగునాట ఒక పెద్ద పరీక్షకు నిలిచింది. 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు పుట్టింది. రైతు తన పొలం పత్రాలతో ఊరికి దగ్గరలోని ప్రాథమిక భూమి తనఖా బ్యాంకుకు వెళతాడు. వాళ్లు పొలం చూసి విలువ కడతారు, ఆ విలువలో సగానికి మించకుండా అప్పిస్తారు. తీర్చడానికి ఇరవై ఏళ్ల దాకా గడువు. ఎక్కువ అప్పులు షావుకారు దగ్గరి పాత బాకీ తీర్చడానికే. ఆ తనఖా పత్రం కేంద్ర బ్యాంకుకు బదిలీ అవుతుంది. ఇలాంటి తనఖాలన్నిటినీ కుప్ప చేసి, వాటి హామీ మీద కేంద్ర బ్యాంకు డిబెంచర్లు అమ్ముతుంది. కొన్నవాళ్లు పట్టణాల్లోని మదుపరులు. గోదావరి చేను ఎలా ఉంటుందో వాళ్లలో చాలామంది చూసి ఉండరు. సహకార సంఘాల రిజిస్ట్రారు వాళ్ల తరఫున ధర్మకర్త, వెనుక ప్రభుత్వం పూచీ.

పుట్టిన ఏడాదే ప్రపంచ మాంద్యం మొదలైంది. నాలుగేళ్లలో వడ్ల ధర సగానికి సగం పడిపోయింది. పది బస్తాలు అమ్మి కట్టగలిగిన కిస్తీకి ఇరవై బస్తాలు కావాల్సి వచ్చింది. కిస్తీ మాత్రం రూపాయల్లో రాసి ఉంది, అది కదలదు. 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల అప్పు 150 కోట్లని అంచనా వేస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక దాన్ని 200 కోట్లంది. పెరిగింది అంకెల్లో. వడ్ల బస్తాల్లో కొలిస్తే అంతకన్నా ఎంతో ఎక్కువ.

ఆ రోజుల్లో ఈ లెక్క రాసినవాళ్ల చేతుల్లో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి కిందినుంచి, అంటే కోతల తర్వాత రైతు నుంచి వచ్చేది. రెండోది పైకి, అంటే డిబెంచరు పట్టుకున్నవాడికి తేదీ తప్పకుండా వెళ్లేది. కోతలకు వాన అడ్డం రావచ్చు, వడ్డీ తేదీకి అడ్డం రాదు. ఈ రెండింటి మధ్య ఖాళీని ఎవరో ఒకరు ముందే చూడాలి. ఎక్కడ మూడో గడి లావెక్కుతోందో, ఏ ఊరి వరుసల్లో వయసు పెరుగుతోందో పసిగట్టి, వచ్చే చెల్లింపు నాటికి ఎంత తక్కువ పడుతుందో చెప్పాలి. డిబెంచర్లు తీర్చడానికి పక్కన పెట్టే నిధిలోకి ఏటా ఎంత పడాలో ఆ లెక్కే తేల్చేది. 1934లో భూమి తనఖా బ్యాంకులకంటూ ప్రత్యేక చట్టం వచ్చేనాటికి ఈ పద్ధతికి ఒక ఒరవడి ఏర్పడింది. ఇప్పుడు ఇంటి అప్పులను కుప్పగా కట్టి మదుపరులకు అమ్మే పద్ధతిని కొత్త విద్యగా చెప్పుకుంటాం. మన తాతలు ఖాతా పుస్తకంలో, సిరా కలంతో ఆ పని చేశారు.

1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు కట్టి ఉంటే అప్పే తీరిపోయినట్టు. ఈ కనికరం షావుకారు పుస్తకానికి వర్తించింది, సహకార సంఘాల బాకీకి వర్తించలేదు. దీన్ని కఠినత్వం అనేవాళ్లున్నారు. నేననను. షావుకారు పుస్తకంలో రావలసింది ఎప్పుడు రాశాడో, ఎంత కలిపాడో ఎవరికీ కనిపించదు. తనఖా బ్యాంకు పుస్తకంలో మొదటి గడి అందరి ముందూ రాసిందే. రద్దు చేయాల్సింది ముందు చూపించని అంకెలను.

గోదావరి గట్టు మీద ఇంకో చిక్కు. భద్రాచలం తాలూకా 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. నది ఇవతలి బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం నిజాం ఏలుబడిలో. పడవ దాటితే రూపాయి మారిపోయేది. నూరు ఇంగ్లీషు రూపాయలకు హాలీ సిక్కా 116 రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరుకు ఏడు. రెండు గట్ల మీదా బాకీలున్న వర్తకుడి ఆవర్జాలో ఒకే మనిషి పేరు కింద రెండు నాణేలు. ఏ రూపాయి అప్పు, ఏ రూపాయి జమ అన్నది తప్పితే ఆరింట ఒక వంతు గల్లంతు. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. నది మీద వంతెన పడింది 1965లో.

ఇక మన కాలపు కొవిడ్ మాంద్యం సంగతికి వద్దాం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం, అంటే వాయిదాలకు విరామం, ప్రకటించింది. మార్చి 1 నుంచి మూడు నెలలు, తర్వాత మరో మూడు నెలలు పొడిగించి ఆగస్టు 31 దాకా. సరిగ్గా మిర్చి ఖమ్మం యార్డుకు బారులు తీరే రోజుల్లో లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్ 2న భద్రాచలం రాములవారి కల్యాణం భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. ఏడాది తిండి ఆ పది రోజుల్లో సంపాదించుకునే లాడ్జీలకు, పూలమ్మేవాళ్లకు, ఆటోలవాళ్లకు ఆ ఏడు నవమి రానట్టే.

ఒక వరుస తీసుకుని చూద్దాం. 2020 ఫిబ్రవరిలో ఖమ్మంలో ఇంటికి పది లక్షల అప్పు. వడ్డీ 9 శాతం, గడువు 240 నెలలు. నెల వాయిదా 8,997 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 1,497. అంతా సవ్యంగా జరిగితే చివరి వాయిదా 2040 ఫిబ్రవరిలో. ఈ మనిషి ఆరు నెలలూ విరామం తీసుకున్నాడు. ఆరు నెలల వడ్డీ అసలులో కలిసి ఆగస్టు చివరికి నిల్వ 10,45,852 అయింది. వాయిదా మార్చకుండా పాత 8,997 కట్టుకుంటూ పోతే ఎన్ని నెలలు పడుతుంది? ఆరు నెలలు కలిపి 246 అనుకుంటారు చాలామంది. లెక్క కడితే సెప్టెంబరు నుంచి 275 వాయిదాలు. చివరిది 2043 జులైలో. ఆరు నెలల విరామానికి ముగింపు 41 నెలలు వెనక్కి జరిగింది. పాత తేదీకే ముగించాలంటే వాయిదా దాదాపు 9,497 కావాలి, నెలకు అయిదువందలు ఎక్కువ.

చక్రవడ్డీ మీద పెద్ద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్టోబరు 23న కేంద్రం, రెండు కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీకీ సాధారణ వడ్డీకీ ఉన్న తేడాను తానే భరిస్తానంది. మన వరుసలో ఆ తేడా 852 రూపాయలు. అది జమ పడ్డాక కూడా వాయిదాలు 275 దగ్గరే ఆగుతాయి, చివరిది కాస్త చిన్నదవుతుంది, అంతే. వార్తల్లో నెలలపాటు నలిగింది ఆ 852. ఆ ఇంటివాళ్ల మీద అసలు బరువు మాత్రం వెనక్కి జరిగిన 41 నెలలది. దాన్ని ఎవరు చెప్పాలి? మొదటి గడి రాసినవాడు చెప్పాలి. మంచి పనివాడు విరామం కోరిన రోజునే ఈ రెండు దారులూ అంకెలతో రాసి ఎదురుగా పెడతాడు. అలా పెట్టిన కాగితాలు నేను చూశాను. ఒకే పేజీ, పెద్ద అక్షరాలు, తెలుగులో. ఆ కాగితం రాసిన చేతికి దండం పెట్టాలనిపించింది.

మదుపరి వైపు పని ఇంకా సున్నితం. మన దేశంలో ఇంటి అప్పులను కుప్పగా కట్టి అమ్మడం 2000లో జాతీయ గృహ బ్యాంకు చేతుల మీదుగా మొదలైంది. కొన్నవారికి పాస్‌త్రూ సర్టిఫికెట్లు ఇస్తారు. అప్పులు వసూలు చేసే సంస్థ నెలనెలా మదుపరులకు నివేదిక పంపాలి. మామూలు రోజుల్లో అందులో వరుసలు రోజుల లెక్కన విడిపోతాయి. 30 రోజుల లోపు ఆలస్యం, 31 నుంచి 60, 61 నుంచి 90. తొంభై దాటితే మొండి బకాయి. వచ్చిన డబ్బు ముందు ఖర్చులకు, తర్వాత మదుపరి వడ్డీకి, ఆపైన అసలుకు మెట్లు దిగుతుంది. చాలకపోతే ముందే పక్కన పెట్టిన నగదు పూచీలోంచి తీస్తారు.

విరామం వచ్చాక ఈ లెక్కలో కొత్త జాతి వరుస పుట్టింది. డబ్బు రాలేదు, కానీ ఆలస్యమూ కాదు. అప్పు తీసుకున్నవాడికి గడియారం ఆగింది. సర్టిఫికెట్ కొన్నవాడి చెల్లింపు తేదీ దానంతట అది ఆగలేదు, వాళ్ల సమ్మతి విడిగా అడగాల్సి వచ్చింది. ఇక్కడే మంచి పనికీ చెడ్డ పనికీ తేడా తెలిసింది. తొందరపడినవాళ్లు విరామం వరుసలను 'సక్రమం' అన్న గంపలో పోశారు. నివేదిక కళకళలాడింది. పని తెలిసినవాళ్లు విడిగా మరో గంప పెట్టారు. విరామం తీసుకున్నా కట్టినవాళ్లు, కొంత కట్టినవాళ్లు, ఏమీ కట్టనివాళ్లు అని దాన్నీ విడదీశారు. పక్కన మరో లెక్క, విరామం లేకపోయి ఉంటే ఈ వరుస నేడు ఎన్ని రోజుల ఆలస్యంలో ఉండేదో. సెప్టెంబరు 3న సుప్రీంకోర్టు, ఆగస్టు 31 నాటికి మొండి బకాయి కాని ఖాతాలను తదుపరి ఉత్తర్వు దాకా అలా ప్రకటించవద్దంది. అప్పటినుంచి బ్యాంకులు కూడా త్రైమాసిక ఫలితాల్లో రెండు అంకెలు చూపించాయి. కోర్టు మాట ప్రకారం ఒకటి, ఆ మాట లేకుంటే ఎంతో చెప్పేది ఒకటి. 2021 మార్చి 23న కోర్టు ఆ ఆంక్ష ఎత్తేసింది. రెండో అంకె రాసి పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు కొత్తగా తెలిసిందేమీ లేదు.

తెలంగాణలో దీనికి మరో ముడి పడింది. ఆగస్టు 31తో విరామం ముగిసింది. సెప్టెంబరు 8న రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. వ్యవసాయ భూములకు ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌తో నవంబరులో తెరుచుకున్నాయి, ఇళ్లకూ ప్లాట్లకూ డిసెంబరు దాకా లేవు. ఒక ప్లాటు అమ్మి ఇంటి అప్పు దించుకుందామనుకున్న మనిషికి కొనేవాడు దొరికినా అమ్మే దారి లేదు. ఆ మూడు నెలల బకాయిని మూడో గడి అంకెగా మాత్రమే చూపిస్తుంది. కారణం కనిపించేది చివరన ఉండే సన్నటి రిమార్కుల గడిలో. దాన్ని ఖాళీగా వదిలేసే పుస్తకాలే ఎక్కువ. నాకు మాత్రం పుస్తకం చేతికొస్తే మొదట చూపు వెళ్లేది అక్కడికే.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఆ గడి విలువ తెలుస్తుంది. కొత్తగూడెంలో సింగరేణి జీతం నెలనెలా పడుతుంది, వాయిదా జీతంలోనే కోత పడుతుంది, మాంద్యం వచ్చినా ఆ వరుస నిలకడగా ఉంటుంది. ఖమ్మం చుట్టుపక్కల మిర్చి రైతు డబ్బు చూసేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. గ్రానైటు పలకల పని చేసేవాడికి ఎక్కడో కట్టడాలు ఆగితే ఇక్కడ చేయి ఆగుతుంది. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్, సుబాబుల్ పెంచినవాడికి కర్ర కొట్టిన ఏడే ఆదాయం. ఇక అడవి అంచున వేసవిలో తునికాకు. అందరికీ నెలకో వాయిదా రాసి, ఆగస్టులో మిర్చి రైతు ఆలస్యమయ్యాడని ఎర్రసిరా పెడితే ఆ ఎరుపు ఏమీ చెప్పదు. ఆదాయం వచ్చే నెలను బట్టి గడువు రాయడం భూమి తనఖా బ్యాంకుల నాటినుంచీ ఉన్న తెలివి. కంప్యూటరు వచ్చాక దాన్ని పోగొట్టుకున్నామేమో అని నాకు బెంగ.

భద్రాచలం దగ్గరికొచ్చేసరికి పుస్తకం అడుగునున్న నేలే మారిపోతుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చేతులు మారకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేని బదిలీ చెల్లదు. తర్వాత వచ్చినవి 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1963లో దాన్ని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించడం, ఆపైన 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకొచ్చిన సవరణ. ఇక్కడివాళ్ల నోట్లో అది ఒకటి-డెబ్బై. ఆ సవరణతో గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మడం కూడా ఆగిపోయింది. భూమి గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి గానీ మాత్రమే వెళ్లగలదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

మదుపరి కంటితో చూస్తే ఇది ఇబ్బంది. ఎవరికి పడితే వారికి వేలం వేసి రాబట్టుకునే దారి లేని భూమి పత్రం అతనికి కాగితం ముక్క. కోయ రైతు కంటితో చూస్తే, మూడు కిస్తీలు తప్పినంత మాత్రాన చేను పోదన్న భరోసా. నాకు రెండో కన్నే సరైనదనిపిస్తుంది. భూమి పోయే మాంద్యాలను ఆ అడవి చాలానే చూసింది. లెక్క రాసేవాడి పనితనానికి కూడా ఇక్కడే అసలు గీటురాయి. వెనుక వేలం భయం లేనప్పుడు అప్పు తిరిగి వచ్చేది మనిషిని, పంటను, ఆకు కోసే కాలాన్ని ఎరిగి గడువు పెట్టినందువల్లే. కొలవాల్సింది చేను విలువను కాదు, ఏ నెలలో ఎంత చేతికొస్తుందన్నదాన్ని.

భద్రాచలంలో బాకీ చెల్లింపు కథ చెప్పకుండా ఎలా? పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులు గోల్కొండ నవాబు తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షల మొహరీలు చెల్లించారని భక్తులు చెప్పుకుంటారు. చిన్నప్పటినుంచీ విన్న ఆ కథలో నా మనసు ఆగేది ఒక్కచోటే. సొమ్ము కుమ్మరించి ఊరుకోలేదు వాళ్లు. రశీదు రాయించుకుని, తెచ్చి గోపన్న పక్కన పెట్టి వెళ్లారు. మొదటి గడిలో ఆరు లక్షలు, రెండో గడిలో ఆరు లక్షలు, మూడో గడి సున్నా. చెర తలుపు తెరిచింది ఆ సున్నా రాసిన కాగితం.

మొన్నమొన్నటిదాకా బ్యాంకు వరుసలు మూసేటప్పుడు అలాంటి కాగితం ఇంటికి చేరడానికి చాలాకాలం పట్టేది. చివరి వాయిదా కట్టాక కూడా పత్రాల కోసం నెలలు తిరిగినవాళ్లున్నారు. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది, ఆ డిసెంబరు 1 నుంచి అమలు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, తప్పు సంస్థదైతే ఆలస్యమైన ప్రతి రోజుకూ అయిదు వేలు చెల్లించాలి. మన ఖమ్మం వరుస అన్నీ కుదిరితే 2043 జులైలో ముగుస్తుంది. ఆ రోజు చివరి చిన్న వాయిదా జమవుతుంది. మూడో గడిలో సున్నా పడుతుంది. తనఖా రద్దయినట్టు ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఎక్కుతుంది. పత్రాల కవరు మీద సంతకం తీసుకుని, తేదీ వేసి, గుమాస్తా ఆ ఖాతా కింద రెండు గీతలు గీస్తాడు.